టార్చి పట్టుకున్న మనిషి

గద్వాలలో మా ఇంట్లో అమావాస్య నాడు మగ్గం ఆడేది కాదు. ఆ ఒక్కరోజు నేతపనికి సెలవు. నాయన పొద్దున్నే మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, తోటివాళ్లతో ముచ్చట్లకు పోయేవాడు. నాకు మాత్రం ఆ రోజే అసలు పని. చీకటి చిక్కగా ఉంటుంది, మగ్గం గది ఖాళీగా దొరుకుతుంది.

ఎనభైల చివరి మాట ఇది. ఊళ్లో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరాను. పాస్‌పోర్టు ఫోటోలు తీసీ తీసీ విసుగెత్తి, నేను వీటి కోసం పుట్టలేదని గట్టిగా నమ్ముతున్న వయసు. వనపర్తిలో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు పత్రికలో ఒక కొత్త సంగతి చూశాను. చీకట్లో కెమెరా కన్ను తెరిచిపెట్టి, టార్చిలైటుతో వస్తువు మీద సున్నం కొట్టినట్టు వెలుగు పూయవచ్చట. టార్చి పట్టుకున్న మనిషి ఆగకుండా తిరుగుతుంటే ఫోటోలో పడడు, వెలుగు తగిలిన వస్తువే పడుతుంది. నాకు అర్థమైంది సగమే గానీ, పిచ్చి మాత్రం పూర్తిగా పట్టుకుంది.

మొదట్లో తీసినవన్నీ పాడయ్యాయి. యజమాని తిట్లూ తిన్నాను.

ఒక అమావాస్యకు, మగ్గం మీంచి దించిన చీర ఇంట్లో ఉంది. తెల్లారితే నూలు ఇచ్చి నేయించే సావుకారు ఇంటికి పోవాలి. దాన్ని దండెం మీద పొడుగ్గా వేలాడదీసి, టార్చి పట్టడానికి అమ్మను పిలిచాను. ఆ చీర నేతకు పోగును కండెలకు చుట్టింది ఆమే.

"ఆ నల్లచీర కట్టుకో అమ్మా. ఆగకుండ తిరుగు. నువ్వు కనపడొద్దు" అన్నాను.

ఆమె జరీ అంచు మీద చెయ్యి వేసింది. "రేపు పోతది గదరా ఇది. జర భుజం మీద ఏసుకుంట, నన్నొక్కటి తియ్యి. ఇన్నేండ్ల సంది చుట్టిన గని, ఒక్కటన్న ఒంటి మీద ఏసుకున్ననా?"

"ఇప్పుడు గాదమ్మా, రీలు అయిపోవచ్చింది. వచ్చే అమాసకు తీస్త."

"సరే గానియ్యి" అంది. అడగడం అలవాటు లేని మనిషి నోరు తెరిచి అడిగిందని నాకు తట్టనే లేదు.

దీపం ఆర్పాం. కెమెరా కదిలితే అంతా పోతుందని బటన్ నొక్కిపట్టి, ఊపిరి బిగబట్టి, కళ్లు మూసుకుని లోలోపల అంకెలు లెక్కపెట్టాను. అమ్మ కాలి మెట్టెల చప్పుడు చీర వెంబడి అటూ ఇటూ తిరిగింది.

చిన్న ముద్ర వేసి చూస్తే నాకే కన్ను చెదిరింది. చీకట్లో ఒక్కో జరీ పోగూ విడివిడిగా కనబడుతోంది. ఎడమ పక్కన మాత్రం తెల్లటి పొగలాంటిది పడింది. కెమెరాలోకి వెలుగు దూరిందనుకుని, ఆ పక్క వదిలేసి పెద్దది చేశాను. యజమాని మొదటిసారి భుజం తట్టాడు.

ఇంటికి తెస్తే, అమ్మ దాన్ని గడప దగ్గర వెలుతురులోకి తీసుకుపోయి, ఈ కొస నుంచి ఆ కొస దాకా వెతికింది. "నేనేడున్న?"

"నువ్వు లేవమ్మా. తిరిగే మనిషి పడదు. దీని గొప్పే అది."

"గట్లనా? కొంగు కాడ జరసేపు నిలబడ్డ గద. భుజం మీద ఏసుకొని టార్చి నా దిక్కు తిప్పుకున్న. నువ్వు కండ్లు మూసుకున్నవని, పడ్తదేమో అనుకున్న" అంది, దొంగతనం బయటపడినట్టు నవ్వుతూ.

స్టూడియోకు పరుగెత్తాను. ఈసారి ఎడమ పక్క కూడా కలిపి పెద్దగా ముద్ర వేస్తే, ఆ పొగలో అమ్మ ఉంది. భుజం మీద కొంగు స్పష్టంగా ఉంది. ముఖం మాత్రం అలికినట్టయిపోయింది. నేనెక్కడ కళ్లు తెరుస్తానో అని తల తిప్పి తిప్పి చూసినట్టుంది. కదలకుండా నిలబడితే చాలునని ఆమెకు తెలియదు. నేను చెప్పలేదు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

అది చేతిలో పెడితే చాలాసేపు చూసింది. "చీర మంచిగనే ఒచ్చింది. మొఖమే లేదు. ఎవలన్న అడిగితే మా అమ్మ అని నువ్వే చెప్పాలె కొడుకా."

వచ్చే అమావాస్యకు ఇంట్లో చీర లేదు, సగం నేసింది మగ్గం మీదే ఉంది. ఆ తర్వాత నాకు పెళ్లిళ్ల సీజను. ఆ తర్వాత అమ్మకు చూపు మందగించింది. కెమెరా ఎత్తితే "ఇప్పుడేం ఫోటోరా, ఊకో" అని చెయ్యి అడ్డం పెట్టేది. అమ్మ అలాగే పోయింది.

ఆ ఫోటో నా గదిలో ఉంది. వచ్చినవాళ్లు చీర గురించే అడుగుతారు. పక్కనున్నది మా అమ్మ అని చెబుతాను. వాళ్లు మర్యాదకు తలూపి, మళ్లీ చీర వైపే చూస్తారు.