పైలట్ ఎపిసోడ్‌లో మా సంఘం నవ్వు

అది కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఏడాది. కేజీఎఫ్‌లో రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ వెనక మా రికార్డింగ్ గది. క్రైస్తవ గీతాలు రికార్డు చేయడం, పెళ్ళి వీడియోల శబ్దం సరిచేయడం నా పని. మిక్సర్ ఆన్ చేసే ముందు ప్రార్థన చేసుకుంటాను. ఆ ఏడాది ప్రార్థనల్లో ఎక్కువ భాగం మునిరాజుకే పోయింది.

మునిరాజుది క్యాసంబళ్ళి. వేమగల్ ఫ్యాక్టరీలో షిఫ్టు పని. సెలవు పెట్టి, స్నేహితులతో కలిసి ఒక హాస్య సీరియల్‌కు పైలట్ తీశాడు. పైలట్ అంటే ఛానల్ వాళ్ళకు మచ్చుకు చూపించే మొదటి ఎపిసోడ్. వాళ్ళు ఒప్పుకుంటే ఫ్యాక్టరీ వదిలేయాలని అతని ఆశ. టీవీ రిమోట్ కోసం అత్తా అల్లుడూ కొట్లాడుకునే కథ.

"అన్నా, లాఫ్ ట్రాక్ కావాల" అన్నాడు. జోకు తర్వాత జనం నవ్వినట్టు వినిపించే శబ్దం అది.

"నెట్‌లో దొరుకుతాది గదప్పా."

"అవి దొరసానుల నవ్వులన్నా. మనోళ్ళ నవ్వు కావాల."

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మా సంఘం స్త్రీలను కూర్చోబెట్టి మైకులు పెట్టాను. మునిరాజు తన జోకులన్నీ చెప్పాడు. స్త్రీల సమాజం పెద్ద సరోజమ్మ జాలిగా, "పాపం, బిడ్డ ఏందో చెప్తా ఉండాడు" అంది. చివరికి నేనే వైరు కాలికి తట్టుకుని డోలక్ మీద కూలబడ్డాను. అప్పుడు నవ్వారు, బెంచీలు కదిలేలా! నవ్వు ఆగకముందే సరోజమ్మ అలవాటుగా "స్తోత్రం ప్రభువా" అంది. మిగతావాళ్ళు "ఆమెన్" అన్నారు. మంచి జరిగితే మేము అనే మాటలవి. నేను పడటం ఏం మంచో ఇప్పటికీ అడగలేదు.

ఆ స్తోత్రాన్ని కత్తిరిస్తే నవ్వు కొళాయి కట్టేసినట్టు ఠక్కున ఆగిపోతోంది.

"ఉండనీలేన్నా, ఎవురికి ఇనపడతాది?" అన్నాడు మునిరాజు.

ఒకసారి వాడితే వినపడదు. కానీ మునిరాజు, ఎపిసోడ్‌లో ఎవరు తలుపు తీసినా అదే నవ్వు పెట్టించాడు. కుక్కర్ కూస్తే నవ్వు. తాత మాత్ర మింగితే నవ్వు.

"తాతకు గుండెనొప్పప్పా, ఆడ నవ్వొద్దు."

"ఆడ సీను వీకుగా ఉండాదన్నా, అందుకే."

కోలార్‌లో ఛానల్ ఆఫీసువాళ్ళందరూ మా ఇద్దరితో కూర్చుని చూశారు. తాత మాత్ర మింగాడు. నవ్వు, స్తోత్రం, ఆమెన్.

"ఏమప్పా, ఇది కామెడీనా, ప్రార్థన కూటమా?" అన్నాడు మేనేజరు. గదంతా నవ్వింది. తన సీనుకే నవ్వారనుకుని మునిరాజు ముఖం వెలిగిపోయింది.

అయిపోయాక మేనేజరు మెల్లగా చెప్పాడు. "ఏమనుకోవద్దప్పా, తీసుకోలేం. అన్నిటికీ ఆ అమ్మోళ్ళే నవ్వేసినారు. ఇంగ మేమెందుకు నవ్వేది?"

మర్నాడు మునిరాజు నవ్వులన్నీ తీసేయమన్నాడు. తీసేసి ఇద్దరం చూశాం. తలుపు, కుక్కర్, తాత, అంతా నిశ్శబ్దం. చివర్లో అత్త రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి కొంగున ముడేసుకుని, రిమోట్ అల్లుడికిచ్చి, "చూసుకో నాయనా, నీ ఇష్టం" అంది. ఇద్దరం పగలబడి నవ్వాం. అన్నాళ్ళూ ఆ ఒక్క మాట సరోజమ్మ నవ్వు కిందే మునిగిపోయి ఉంది.

మాట పలికాక కాస్త ఖాళీ వదలాలని నాకు తెలిసొచ్చింది అప్పుడే. ఆ చోటు వినేవాళ్ళది. పాటకైనా, ప్రసంగానికైనా అంతే.

మునిరాజు ఇప్పటికీ షిఫ్టుకు వెళ్తున్నాడు. వీలున్నప్పుడు వచ్చి కొత్త సీను చదువుతాడు. నాకు నవ్వు రాకపోతే నవ్వను. అతను కాగితాలు మడుచుకుని, మళ్ళీ రాయడానికి ఇంటికి పోతాడు.