యాదలక్ష్మి గీసిన గీత

దేశాల మధ్య గీతలు గీసినవారి పేర్లను పిల్లలు బట్టీ పడతారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చిట్‌ఫండ్ కంపెనీ అటెండెన్స్ రిజిస్టరులో, ప్రతి నెలా ఒకటో తారీఖున, స్టీలు స్కేలు పెట్టి నిలువుగీత గీసిన యాదలక్ష్మి పేరు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. చరిత్రకారులకు ఆ వేళ బహుశా లంచ్ టైమ్.

ఆ రిజిస్టరులో వచ్చిన టైమ్‌కి మాత్రమే కాలమ్ ఉండేది. తొమ్మిదిన్నరకు రావాలి. తొమ్మిదీ నలభై దాటితే ఎర్ర సిరా. మూడు ఎర్ర సిరాలకు ఒక పూట సెలవు కట్. ఐదున్నరకు వెళ్లడం అనేది కంపెనీ దృష్టిలో జరగని సంఘటన.

ఆమె ఉద్యోగంలో చేరిన వారంలోనే ఎల్‌బీనగర్ ఇంట్లో అత్త ఈరమ్మ నిలదీసింది.

“ఐదున్నరకు ఇడుస్తరంటివి. ఎనిమిదైతుంది. ఏడ తిరుగుతున్నవే?”

ఇంట్లో చూపించడానికి సాక్ష్యం కావలసి వచ్చింది. మరునాడే రిజిస్టరులో గీత పడింది, దాని పక్కన వెళ్లిన టైమ్ పడింది. 6:20. 7:05. చిట్టీ పాట ఉన్న రోజు 7:40. నెలనెలా ఆ పేజీ జిరాక్సు చూపిస్తే అత్త అనుమానం ఏడాదిలోనే తీరింది. గీత మాత్రం ఏడేళ్లు ఆగలేదు.

“అక్కా, గింత సీదా గీత మున్సిపాలిటోళ్లు గూడ గియ్యలే” అనేవాడు అటెండర్ సైదులు.

మేనేజర్ రామారావు నెలాఖరున పేజీ అడుగున, ఈ చివర నుంచి ఆ చివర దాకా, గోదావరంత విశాలంగా సంతకం చేసేవారు. చదవడం ఆయన డ్యూటీలో లేదు.

2011 అక్టోబరు వచ్చింది. సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లో, జనం రోడ్ల మీద. ఎల్‌బీనగర్ చౌరస్తాలో రిలే దీక్షల టెంటు వేశారు. ఆదివారం వంతు యాదలక్ష్మి మహిళా సంఘానిది, జాబితాలో మొదటి పేరు ఆమెదే. సరిగ్గా అప్పుడే జోనల్ ఆఫీసు నుంచి ఉత్తర్వు దిగింది. బందుల్లో పోయిన ఆరు రోజులకు బదులు ఆరు ఆదివారాలు పనిచేయాలి. రానివాళ్లు ఇక రానక్కర్లేదు.

“ఆరంటే ఆరేనండి, యాదలక్ష్మిగారూ. కళ్లు మూసుకుంటే అయిపోతాయండి” అన్నారు రామారావు.

“ఒక్కటి గూడ రాను సార్. ఆదివారం టెంట్ల నా వంతు.”

“టెంటులో కూర్చుంటే ఉద్యోగం ఎవరు చేస్తారండీ?”

“గదీ ఉద్యోగమే. తొమ్మిదింటికి కూసుంట, ఐదింటికి లేస్త. మీ దానికంటే నయం, చెప్పిన టైముకు ఇడుస్తరు.”

రామారావు గంభీరంగా ఆరు వేళ్లు చూపించారు. యాదలక్ష్మి రిజిస్టరు తెచ్చి ఆయన ముందు పరిచింది.

“బంద్ జేసినం, కాదంటలే. ఆరు రోజులకు నలభై ఎనిమిది గంటలు. జూన్ నుంచి నేను ఐదున్నర దాటినంక కూసున్నది నూట ముప్పై ఒక్క గంట. నలభై ఎనిమిది పట్టుకోండ్రి. మిగిలిన ఎనభై మూడు ఉంచుకోండ్రి, మళ్ల బంద్ పడ్తె పనికొస్తయి.”

“ఈ కాలమ్ కంపెనీది కాదండీ! మీరు గీసుకున్నది!”

“గీత నాదే సార్. కింద సంతకం ఎవరిది?”

రామారావు చూశారు. గోదావరి ఆ కాలమ్‌ను కూడా ముంచేసి పారింది. ఒక పేజీలో కాదు, ఆయన వచ్చిన నాటి నుంచి ప్రతి పేజీలో.

“జోనల్‌కి రాసేస్తానండి. ఉద్యోగం పోద్ది, తర్వాత నన్ననుకోకూడదు.”

“రాయుండ్రి. రాసిన టైమ్ గూడ ఎయ్యుండ్రి.”

ఆదివారం తొమ్మిదింటికి ఆమె టెంటులో కూర్చుంది, ఐదింటికి లేచింది. సోమవారం 9:28కి, బస్సుల్లేవు కనుక నడిచే, ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టింది. ఆ వారమంతా ఆమె డెస్కు సర్దుకునే ఉంచింది, వెళ్లిన టైమ్ వేయడం మాత్రం మానలేదు. జోనల్ ఆఫీసు రిజిస్టరు జిరాక్సులు తెప్పించుకుంది. జీతం ఇవ్వని ఆ గంటలు లేబర్ ఆఫీసరు కంట పడితే ఎవరి కొంప మునుగుతుందో అక్కడెవరో ఒకరు కూడి చూసుకున్నట్టుంది. ఆదివారాల మాట మళ్లీ వినపడలేదు. దీపావళి దాటాక కొత్త రిజిస్టర్లు వచ్చాయి. వాటిలో రెండు కాలమ్‌లు అచ్చయి ఉన్నాయి. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్. సైదులు వాటిని నెత్తిన పెట్టుకుని, నోటితోనే డప్పు కొడుతూ, మెట్లన్నీ ఊరేగించి తెచ్చాడు.

“అక్కా, నీ గీత అచ్చయింది!”

అవి ప్రత్యేకంగా అచ్చు వేయించినవి కావు. కొత్తపేట స్టేషనరీ దుకాణంలో ఆ రకం మొదటినుంచీ దొరికేది. పాతదానికంటే ఆరు రూపాయలు ఎక్కువ.