నేను చేయని ఫోన్లు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. సండే స్కూల్లో పెరిగి, ఇప్పుడు అదే సండే స్కూల్లో పిల్లలకు బైబిలు వాక్యం చెబుతున్నదాన్ని. చనిపోయినవారు దేవుని దగ్గర విశ్రాంతిలో ఉంటారు, మన రోడ్ల మీద తిరగరు. ఆ విశ్వాసం ఇప్పటికీ మారలేదు. అందుకే ఆ రోజు జరిగింది తలుచుకుంటే నాకు భయం కంటే విసుగే ఎక్కువ.

కర్నూలులోని ఒక ఆసుపత్రిలో అవయవాల రవాణా చూడటం నా ఉద్యోగం. ఎక్కడో ఒకరు బ్రెయిన్ డెడ్ అయి, ఇంటివాళ్లు దానానికి ఒప్పుకుంటే, ఆ అవయవం ఐసు పెట్టెలో మా దగ్గరకు చేరేదాకా దారి పొడవునా పోలీసులకు ఫోన్లు చేసి రోడ్డు ఖాళీ చేయించాలి.

ఆ రోజు కడప నుంచి ఒక యువకుడి కిడ్నీ వస్తోంది. దాని కోసం ఎదురుచూస్తున్నది ఆదోనిలో బట్టలు కుట్టుకునే ఒకామె, ఇద్దరు ఆడపిల్లల తల్లి. ఏళ్ల తరబడి డయాలసిస్‌తో ఆమె చేతి నరాలన్నీ దెబ్బతిన్నాయి. రక్తం సరిపోతుందో లేదో చూసే పరీక్షల దగ్గర ఆలస్యమై కిడ్నీ అప్పటికే చాలాసేపు ఐసులో ఉండిపోయింది. ఇంకా లేటైతే పెట్టలేనని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆమె భర్త నా టేబుల్ ముందు కూర్చుని నా నోటివైపే చూస్తున్నాడు. మిట్టమధ్యాహ్నం. నాకు జలుబు, దగ్గు. ఫ్యాను వేడిగాలి కొడుతోంది.

కిడ్నీ తెచ్చే అంబులెన్సు బండి బయలుదేరగానే కడప పోలీసులకు ఫోన్ చేశాను. "ఇప్పుడే చెప్పినావు గదమ్మా, ఎన్నిసార్లు చెప్తావు?" అన్నాడు కానిస్టేబుల్. మావాళ్లెవరో చేసుంటారనుకున్నాను. కానీ ఆ పూట డ్యూటీలో ఉన్నది నేనొక్కదాన్నే.

తర్వాత మైదుకూరు స్టేషనుకు చేస్తే ఎస్సై కసిరాడు. "ఏందమ్మా, తమాషానా? బండి ఈ దోవన రాల్యా, ఎర్రగుంట్ల మింద పోతాండాది అని నువ్వే చెప్తివి. ఎండలో నిలబడినోళ్లను ఇప్పుడే పంపిచ్చినా."

నేనలా చెప్పలేదని, బండి మీ దారిలోనే వస్తోందని నేనూ గొంతు పెంచాను.

"గొంతు నీదే. దగ్గు గూడా ఇదే దగ్గు," అన్నాడు.

కోపంతో డ్రైవరుకు చేశాను. చాలాసేపటికి దొరికాడు.

"అక్కా, ఖాజీపేట కాడ లారీ బోల్తా పడిందంట. నిన్నడిగే టైము ల్యాక ఎర్రగుంట్ల దిక్కు తిప్పినా. నువ్వు రైల్వే గేటోళ్లకు ముందే చెప్పింటివి కాబట్టి సరిపాయ. గూడ్సును ఆపి మరీ మనల్ని ఇడిసినారు."

ఆ దారిలో గేటు ఉందన్న సంగతే నాకు తెలియదు.

అయినా ప్రొద్దుటూరుకు చేశాను. "చెప్పినావు గద తల్లీ, ఇంక మమ్మల్ని ఇడిసిపెట్టు," అన్నారు. ఆ తర్వాత నేనెవరికీ చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు. బండి వేళకు చేరింది. కిడ్నీ ఆపరేషన్ టేబుల్ మీదే పని మొదలుపెట్టింది.

అసలు విసుగు ఆ తర్వాతే. ఫోన్లు చేసింది చనిపోయిన ఆ అబ్బాయేనని డ్రైవరు వాదన. ఆడగొంతుతోనా అంటే మాట మారుస్తాడు. మా చర్చి సంఘంలో అందరూ దేవదూత అంటున్నారు. లేచి సాక్ష్యం చెప్పమని పాస్టరయ్యగారు ఆదివారం ఆదివారం అడుగుతున్నారు. దేవదూతలున్నారని నేనూ నమ్ముతాను. కానీ దేవదూతకు జలుబెందుకు చేస్తుంది?

మొన్న ఆదోని ఆమె చెకప్‌కు వచ్చింది. ముఖం తేటగా ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకుంది.

"ఆ పొద్దు ఆపరేషన్ గది బయట పండుకోబెట్టినప్పుడు వణికిపోతాంటి అక్కా. నువ్వొచ్చి పక్కన కూర్చోని మీ దేవునికి ప్రార్థన చేస్తివి సూడు, అప్పుడొచ్చింది నాకు ధైర్యం."

ఆ పూట నేను కుర్చీలోంచి లేవలేదు. అందుకు ఆమె భర్తే సాక్షి. ఆ ఫోన్ల గొడవలో నాకు ప్రార్థన చేసుకునే తీరిక కూడా దొరకలేదు. మందులు మానొద్దని మాత్రం ఆమెకు చెప్పి పంపాను.

దయ్యం ప్రార్థన చేయదు. దేవదూతకు నా వేషంతో పని లేదు. ఆమె బతికినందుకు దేవునికి రోజూ స్తోత్రం చెల్లిస్తున్నాను. నా బదులు ఆమె పక్కన కూర్చున్నదెవరని కూడా ఆయన్నే అడుగుతున్నాను.