నాలుగు వేళ్ల మడత

నాందేడ్‌లో పెళ్లికొడుకు కావాలంటే ముందు ఉమాకాంత్ దుకాణం మెట్లెక్కాల్సిందే. తెలుగు మాట్లాడే సరిహద్దు ఊరు కుండల్‌వాడి నుంచి ఒట్టి చేతులతో వచ్చి, బడిపిల్లల యూనిఫాములు కుట్టి కుట్టి, చివరికి సూట్లు, షేర్వానీలు కిరాయికిచ్చే దుకాణం పెట్టాడు. ఏటా వేసవిలో జరిగే సామూహిక వివాహాలకు షేర్వానీలు ఉచితంగా పంపేవాడు. అందుకని ఆ పెళ్లిళ్ల కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశారు.

పోయినేడు యాభై ఒక్క జంటలని గోడల నిండా రాయించారు. తీరా చూస్తే యాభయ్యే కుదిరాయి. అప్పుడు అదే వాడకట్టులో ఉండే మాణిక్ తన పెద్దకూతురు ప్రగతి పేరు రాయించాడు. వయసు కాగితంలో పంతొమ్మిదేళ్లు. పిల్లను చూడగానే ఉమాకాంత్ గుర్తుపట్టాడు. పదినెలల కిందే ఆమెకు ఎనిమిదో తరగతి స్కర్టు కుట్టింది తనే. కొలతల పుస్తకంలో తారీఖుతో సహా ఉంది. "పెరిగే పిల్ల, కింద నాలుగు వేళ్ల మడత పెట్టన్నా" అని తల్లి రఖమాబాయి చెప్పిన మాటా గుర్తుంది. గుర్తుండి ఏం లాభం? కాగితం ఉంది కదా అని నోరు కుట్టేసుకున్నాడు. కుట్టు తెలిసిన మనిషి కదా!

ఏడాది తిరక్కుండా ప్రగతి కాన్పులో పోయింది. బిడ్డా దక్కలేదు.

మొన్న బడులు తెరిచిన నాడు రఖమాబాయి వచ్చి ఆ స్కర్టే బల్ల మీద పెట్టింది.

"చిన్నదానికి సరిజెయ్యన్నా. సాక్షికి పొడుగైతాంది."

ఉమాకాంత్ స్కర్టు తిరగేసి చూశాడు. ఆ మడత విప్పనే లేదు.

"మళ్లొచ్చే లగ్గాలల్ల దీని పేరు రాయించుడేనట," అంది ఆమె తలెత్తకుండా. "అదే అల్లునికి."

"నేన్ రాయ చెల్లె. దానికి పదమూడేండ్లు."

"నువ్ రాయకుంటె ముఖేడ్ కమిటీల రాస్తరు. ఇంట్ల నా మాట ఎవరింటరన్నా?"

ఈమె వచ్చింది స్కర్టు కోసం కాదని అప్పుడర్థమైంది. కొలతల పుస్తకం చంకన పెట్టుకుని పోలీసు ఠాణాకు నడిచాడు. సాక్షి సంగతి చెప్పాలంటే ముందు అక్క సంగతి చెప్పాలి. కమిటీ పోతుంది, దుకాణమూ పోవచ్చు. సిగ్గుతో దారి పొడుగునా తలెత్తలేకపోయాడు.

ఠాణాలో పోలీసు మేడమ్ పేజీలు తిప్పి, ప్రగతి పేరు దగ్గర ఆగింది.

"ఈ పిల్లకు వయసు చాలదని మీకెప్పుడు తెలిసింది?" అని మరాఠీలో అడిగింది.

ఉమాకాంత్ నోట మాత్రం తెలుగే వచ్చింది.

"అక్షింతలు పడకముందే తెల్సు. రాసుకోండ్రి."