సదరు దర్వాజా

ఒక్క మాట అర్థం కాక, తలమీదున్న కప్పు పోగొట్టుకోబోతూ కూడా మూడు రోజులపాటు ఊరేగిన మనిషి కథ ఇది. ఆ మనిషిని నేనే. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. మా వంశంలో ఇలా బాహాటంగా నవ్వులపాలైనవాడు నాకు ముందు ఎవడూ లేడని మాత్రం మనవి.

మాది మెదక్ వైపు దేశ్‌ముఖ్ కుటుంబం. మా తాతగారు నడిచొస్తుంటే ఎదురైనవాళ్ళు చెప్పులు చేత పట్టుకునేవారట. అది విన్నప్పుడు గొప్ప సంగతి అనుకునే వయసు నాది. నేను పెద్దవాణ్ణయ్యే నాటికి అధికారం పోయింది, తర్వాత నాలుగెకరాలు తప్ప భూములన్నీ పోయాయి, ఆ పైన మేముండే గడీ కప్పు కూలింది. గొప్పగా చెప్పుకోడానికి మిగిలినవి రెండే: నిటారుగా ఉండే నా వెన్ను, గడీ ముంగిట ఉండిన టేకు దర్వాజా. రెండింటిలో ఏదీ వంగే రకం కాదు.

అరవైల మొదట్లో ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, రెండో యుద్ధానికి ముందెప్పుడో కట్టిన మూడంతస్తుల భవనం ఒకటి అమ్మకానికి వచ్చింది. అందులో కిరాయికున్నవాళ్ళే ఒక సహకార సంఘం పెట్టుకుని కొనేశారు. గోడలకు సున్నం, గచ్చుకు పాలిష్, చెక్క మెట్లకు కొత్త కటకటాలు పెట్టి దాన్ని పెళ్ళికొడుకులా తయారుచేశారు. వీధివైపు కమానుకు మాత్రం తలుపు లేదు. దానిలోంచి మేకలు కూడా సభ్యుల్లాగే వచ్చిపోతుండేవి. కింద గుజరాతీ బట్టల వ్యాపారి, మధ్యలో బ్యాంకులో పనిచేసే తమిళులు, పైన మేమూ, మా పక్కన పార్సీ హెడ్‌మిస్ట్రెస్ మెహ్రూబాయి. రిటైరైన ఆమే సంఘానికి అధ్యక్షురాలు. కార్యదర్శి సుబ్బారావు గారిది తెనాలి వైపు. రాష్ట్రం ఏర్పడ్డాక సచివాలయం ఉద్యోగంతోపాటు వచ్చినవారు.

మా ఫ్లాటు కోసం ఆ నాలుగెకరాలూ అమ్మేశాం. గృహప్రవేశం నాడే నా భార్య సుశీల, “ఇది పోయిందంటే మనకింక నిలువ నీడ లేదు, యాదుంచుకోన్రి,” అని చెప్పింది. యాదుంచుకుంటానన్నాను. వారం తిరగకుండా ఊరి నుంచి లారీలో దర్వాజా తెప్పించాను.

రెండు నిలువుల ఎత్తు, ఇత్తడి బొడిపెలు, కుడి రెక్కలో ఒక చిన్న దిడ్డి తలుపు. దిడ్డిలోంచి రావాలంటే ఎంతటివాడైనా నడుం వంచాల్సిందే. మా తాతగారు కావాలనే అంత పొట్టిగా పెట్టించారట. వడ్రంగం పనికి పిలిచిన వడ్ల యాదయ్య దాన్ని చూసి చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

“దొరా, గిది ఇంటి తలుపా, ఖిల్లా తలుపా? పైన గోడ పగలగొడితే పడతది గని, లోపలికి తెరిస్తే సోఫా మీద కూసున్నోల్ల ముక్కులు పోతయ్.”

“అయితే బయటికి తెరుచుకునేటట్టు పెట్టు.”

“బయట పార్సీ అమ్మ గుమ్మం ఉన్నది కద.”

“ఉంటే ఉండనీ.”

ఉండనిచ్చాం. ఫలితమేమిటంటే, మా ఇల్లు తెరిస్తే ఆమె ఇల్లు మూతపడేది. ఒకరోజు మా చుట్టాలు వచ్చారని రెక్కలు బార్లా తీసి పెడితే, మెహ్రూబాయి రెండు గంటలు లోపలే ఉండిపోయింది. చివరికి ఆమె కిటికీలోంచి గొడుగు ఊపితే వీధిలో ఎవరో చూసి పైకొచ్చి చెప్పారు. నేను క్షమాపణ అడగలేదు. మా వంశంలో ఆ అలవాటు లేదు.

నాలుగు రోజులకు, గురువారం నాడు, సంఘం నుంచి కాగితం వచ్చింది. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నేను చదివిందంతా ఉర్దూలో. నిజాం కాలంలో సర్కారీ కాగితమంటే ఉర్దూ కాగితమే. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, ఇంట్లో మాట్లాడడానికి సరిపోయేది. ఇప్పుడు ఇలా రాయగలుగుతున్నానంటే అది ఆ కాగితం పెట్టిన భిక్షే. సుబ్బారావు గారి చేతిరాత ముత్యాల్లా ఉంది. కూడబలుక్కుంటూ చదివాను.

“ఐదవ నంబరు ఫ్లాటు సభ్యుడు శ్రీ విఠల్‌రావు గారికి తెలియజేయునది. సదరు సభ్యుడు బిగించిన ద్వారమును గూర్చి సంఘము చర్చించినది. సదరు ద్వారమును ఆదివారము లోపల ప్రస్తుత స్థలము నుండి తొలగించవలెను. సదరు సభ్యుడు ఆనాటి సర్వసభ్య సమావేశమునకు హాజరై సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో సదరు సభ్యత్వము మరొకరికి ఇవ్వబడును.”

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. మీరు తెలుగు బడిలో చదివారు. ఉర్దూలో సదర్ అంటే అధ్యక్షుడు. సదర్ దర్వాజా అంటే కోటకైనా కొలువుకైనా ప్రధాన ద్వారం. సమ్‌జాయిష్ అంటే తెలియనివాళ్ళకు పెద్దవాళ్ళు నచ్చజెప్పే నాలుగు మంచి మాటలు. ఇప్పుడు ఆ కాగితాన్ని నా కళ్ళతో మళ్ళీ చదవండి. సంఘం నన్ను అధ్యక్షుణ్ణి చేసింది. నా దర్వాజాను ప్రధాన ద్వారంగా ఎంచి, పైనుంచి తీసి కింద కమానుకు పెట్టమంటోంది. ఆదివారం వచ్చి హితబోధ చేయమంటోంది. నేను కాదంటే ఆ పదవి ఇంకెవరికో పోతుంది. ఇంత మర్యాదగా రాసిన ఉత్తరం మా ఇంటికి వచ్చి ఇరవై ఏళ్ళయింది.

సుశీల చేయి చాపింది. “గా కాయితం జర ఇటియ్యున్రి, చదువుత.” ఆమె వరంగల్‌లో తెలుగు గ్రంథాలయం పుస్తకాలన్నీ నమిలేసిన మనిషి. అయినా ఇవ్వలేదు. ఆడవాళ్ళకు రాచకార్యాలెందుకని మడిచి షేర్వాణీ జేబులో పెట్టుకున్నాను.

ఆ సాయంత్రం నుంచే పరిపాలన మొదలుపెట్టాను. నీళ్ళ ట్యాంకు తనిఖీ చేశాను. బాల్కనీలో చీరలు ఆరేయడం భవనం గౌరవానికి భంగమని తమిళులకు చెప్పాను. వాళ్ళు నా వెనక మెట్లవైపు చూసి, ఇంకెవరికో చెబుతున్నాననుకుని తలుపేసుకున్నారు. శుక్రవారం మెట్ల మీద సుబ్బారావు గారు ఎదురయ్యారు.

“మీ ఉత్తరం అందింది. చాలా సంతోషించాను,” అన్నాను.

ఆయన తబ్బిబ్బయ్యారు. “ఇంత పెద్ద మనసుతో తీసుకుంటారనుకోలేదండీ. మేమే భయపడ్డామండీ.”

“భయమెందుకు? బాధ్యత మీద పడ్డాక మోయాలి కదా. సంజాయిషీ ఎంతసేపు ఇమ్మంటారు?”

“అయిదు నిమిషాలు చాలండీ.”

“అయిదు నిమిషాలా? మా తాతగారు మొదలుపెడితే పూటంతా ఇచ్చేవారు.”

సుబ్బారావు గారు నా వైపు జాలిగా చూశారు. “ఓహో. మీ తాతగారికి కూడా తరచూ ఇవ్వాల్సి వచ్చేదాండీ?”

“వారానికి రెండుసార్లు,” అన్నాను గర్వంగా.

శనివారం పొద్దున సుశీల షేర్వాణీ దులిపి, ఇస్త్రీ చేసి తెచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. నాకు గొప్పదనం వచ్చేసరికి బెంగపడిందనుకున్నాను. “యాదయ్యను పిలవనంపిన. దర్వాజ ఇయ్యాలనే తీయించున్రి, ఆలస్యమెందుకు?” అంది. అంతకుముందు ఆ దర్వాజా పేరెత్తితేనే విసుక్కునే మనిషి, భర్త పదవి కోసం ఎంత మారిపోయిందో చూడండి.

యాదయ్య శనివారమంతా విప్పాడు. ఆదివారం సూర్యోదయానికల్లా కింద కమానుకు బిగించాడు. కొలిచి చేసినట్టు సరిపోయింది. “ఇగ దీనికి జాగ దొరికింది దొరా,” అన్నాడు.

పది గంటలకు ముంగిట్లో కుర్చీలు వేశారు. నేను షేర్వాణీ తొడుక్కుని, మెట్లు ఒక్కొక్కటే దిగి, నేరుగా మధ్యలో ఉన్న చేతుల కుర్చీలో కూర్చున్నాను. అది మెహ్రూబాయిది. ఆమె గొడుగు పట్టుకుని పక్కన నిలబడి నన్ను వింతగా చూసింది. సుబ్బారావు గారు దగ్గి, “మొదటి అంశం. సదరు సభ్యుడి సంజాయిషీ,” అన్నారు.

లేచాను. క్రమశిక్షణ గురించి, పెద్దలపట్ల వినయం గురించి, మెట్ల మీద ఉల్లిపొట్టు గురించి మాట్లాడాను. నా హయాంలో ఈ భవనం గోల్కొండను తలదన్నుతుందని హామీ ఇచ్చాను. ఇరవై నిమిషాలయ్యాక గుజరాతీ వ్యాపారి మెల్లగా, ఈయన తప్పు ఎప్పుడు ఒప్పుకుంటాడని పక్కవాణ్ణి అడిగాడు.

“ఎవరి తప్పు?” అన్నాను.

“మీదేనండీ,” అన్నారు సుబ్బారావు గారు. “దర్వాజా విషయం.”

“సదర్ తప్పు చేయడమేమిటి?”

అప్పుడు మెహ్రూబాయికి వెలిగింది. ఆమెకు ఉర్దూ వచ్చు, తెలుగూ కొంచెం వచ్చు. నా భుజం మీద చేయి వేసి, పాతికేళ్ళు బడి నడిపిన గొంతుతో, చాలా నెమ్మదిగా చెప్పింది. “బాబా, సదర్ నేను. నువ్వు సదరు. సుబ్బారావు, వీనికి అర్థం చెప్పు.”

“సదరు అంటే పైన చెప్పిన అని అర్థమండీ,” అన్నారాయన. నేల చూస్తూ మిగతాదీ చెప్పారు. సంజాయిషీ అంటే చేసిన తప్పుకు జవాబు. ఆఖరు వాక్యానికి అర్థం, దర్వాజా తీయకపోతే నా ఫ్లాటు ఇంకొకరిది.

ముందు తమిళులు నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళ తర్వాత నవ్వనివాడు లేడు. కమాను బయట రిక్షావాళ్ళు కూడా, సంగతి తెలియకపోయినా, తోడు నవ్వారు. నేను మాత్రం ఇల్లు గురించి ఆలోచిస్తున్నాను. నాలుగెకరాలు, సుశీల, లారీ, నిలువ నీడ. నా వెన్ను మొదటిసారిగా వంగింది. “మెహ్రూబాయి, ఆ రోజు మిమ్మల్ని రెండు గంటలు బంధించాను. తప్పు నాది,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని సభవైపు తిరిగింది. దర్వాజా గడువులోపలే తీశాడు, హాజరయ్యాడు, జవాబు ఇప్పుడు ఇచ్చాడు, ఇంకేం కావాలని అడిగింది. పైగా పొద్దుటి నుంచి ఒక్క మేక కూడా లోపలికి రాలేదని గుర్తుచేసింది. నా సభ్యత్వం నిలిచింది. దర్వాజా కమానుకే ఉండాలనీ, పెద్ద రెక్కలు ఎప్పుడూ మూసి, అందరూ దిడ్డిలోంచే రావాలనీ తీర్మానం రాశారు. అలా నేను కాలేనిది నా తలుపు అయింది, సదర్ దర్వాజా.

పైకొచ్చాక సుశీలకు అంతా చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. షేర్వాణీ ఇస్త్రీ చేసేటప్పుడే కాగితం చదివిందట.

“మరి చెప్పలేదేం?”

“చెప్తే దర్వాజ తీస్తుంటిరా? జర నవ్వితే నవ్విన్రు. ఇల్లు మిగిలింది కద.”

ఆనాటి నుంచి బయటికి పోయినా, ఇంటికి వచ్చినా, మా తాతగారు ఊరివాళ్ళ కోసం పెట్టించిన దిడ్డిలోంచి రోజుకు నాలుగుసార్లు నడుం వంచుతున్నాను. ఆ వంగడంలోనే ఈ ప్రమాణం కూడా చేస్తున్నాను. ఇకమీదట ఏ సంఘం నుంచి ఏ కాగితం వచ్చినా, సుశీల చదివి అర్థం చెప్పేదాకా షేర్వాణీ తొడుక్కోను, ఎవరి కుర్చీలోనూ కూర్చోను. ఇది సదరు వ్యక్తి ప్రమాణం. అంటే పైన చెప్పినవాడిది.