బొట్టు పెట్టని పిలుపు

మా ఆయన చనిపోయిన ఏడాది మా వీధిలో జరిగిన పెళ్ళిళ్లన్నీ నాకు గుర్తే, ఎందుకంటే ఒక్కదానికీ నన్ను పిలవలేదు. కుంకుమభరిణె పట్టుకుని ఆడవాళ్లు వచ్చేవారు. మా తోడికోడలికి బొట్టు పెట్టి పిలిచి, వంటింటి గడపలో నిలబడ్డ నన్ను చూడనట్టే వెళ్లిపోయేవారు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. దూరపు బంధువులు వాటిలో పిలిచినా ఆమెనే పిలిచేవారు.

ఆయన కామెర్లతో పోయాడు. కర్నూలు పెద్దాసుపత్రిలో మంచం పక్కన కూర్చుని అహోబిలం నరసింహస్వామికి నేను మొక్కని మొక్కు లేదు. స్వామి వినలేదు. ఆ తర్వాత దేవుడి ప్రేమ అని ఎవరైనా నోరు తెరిస్తే నాకు ఒళ్లు మండేది. దీపం పెట్టడం కూడా మానేశాను.

మా వైపు కనుమ పండగ నుంచి ఆ స్వామి పల్లకిలో ఊరూరూ తిరుగుతాడు, తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలవడానికి. మా కిరాణా కొట్టు ముందు పల్లకి ఆగితే మోసే బోయీల కాళ్లకు నీళ్లు పోయాలి. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ నీళ్లు నేనే పోసేదాన్ని. ఆ ఏడాది బిందె తోడికోడలు ఎత్తుకుంది. నేను తలుపు వెనక ఉండిపోయాను.

పెద్ద బోయీకి మా ఇంటి సంగతి తెలియదు. "ఏటా నీళ్లు పోసే పెద్దకోడలు యాడమ్మా? కానరాలేదే?" అన్నాడు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తలుపు తోసుకుని బయటికి వచ్చాను. బొట్టు లేని నా ముఖం చూసి ముసలాయన నాలుక కరుచుకున్నాడు. నేను మాత్రం పల్లకి కేసి అరిచాను.

"ఏం సామీ, నా మొగుణ్ణి బతికించమంటే నీతో కాకపాయ. నీ పెండ్లికి మాత్రం మేము రావల్లనా? సిగ్గుండాదా నీకు?"

"ఎదురొచ్చి ఏందమ్మా ఇది! లోపలికి పో," అని వెనక నుంచి ఎవరో కసిరారు.

"ఉండండప్పా," అన్నాడు పెద్ద బోయీ. "అడగనీండి. సామిని మోసుకొచ్చింది పిలిచేకే కదా. ఈయమ్మను లోపలికి పొమ్మంటే ఇంగెవర్ని పిలవల్ల?" నా వైపు కాలు చాపాడు. "నీళ్లు పొయ్యి తల్లీ, శానా దూరం నడిచినాం. ఫాల్గుణంలో పెండ్లి. నువ్వు రావల్ల."

తోడికోడలి చేతిలోని బిందె లాక్కున్నాను. సగం నీళ్లు ఆయన కాళ్ల మీద, సగం నా చీర మీద పడ్డాయి. ఏడుపు ఆగలేదు. ఆ మాట బోయీదా, స్వామిదా అని ఈనాటికీ నేను విడదీసి చూడలేదు. నన్ను రమ్మన్నవాడు ఒకడున్నాడు, అంతే.

పల్లకి వీధి మలుపు తిరగ్గానే తోడికోడలు నేను నిలబడ్డ చోట పేడనీళ్లు చల్లింది.

ఫాల్గుణంలో ఒక్కదాన్నే అహోబిలం బస్సెక్కాను. కోపం తీరలేదు, కోపంతోనే వెళ్లాను. కల్యాణం దగ్గర నా పక్కనున్న ఆవిడ నా ముఖం చూసి, చీర దగ్గరికి తీసుకుని దూరం జరిగింది.

"పెండ్లి కాడికి నువ్వెట్లొచ్చినావమ్మా?" అంది.

"పిలిస్తే వచ్చినా," అన్నాను. "పెండ్లికొడుకే మా ఇంటికొచ్చి పిలిచినాడు."