దొరసాని చెవుల ముడి

మా పెద్దమ్మ పోయిందన్న ఫోను వచ్చినప్పుడు నేను సూళ్లూరుపేట స్టేషన్లో చెన్నై బండి కోసం నిలబడి ఉన్నాను. "అక్కా, అమ్మ లేదక్కా," అన్నాడు తమ్ముడు, ఆమె కొడుకు. ఏడ్చాడు. ఆ ఏడుపులోనే, "దొరసాని ఎవర్నీ దగ్గరికి రానీడం లా. నువ్వు బిన్నా రా, ఆలస్యం చేయబాక," అన్నాడు.

దొరసాని పెద్దమ్మ పెంచిన కుక్క. అఫ్ఘాన్ హౌండ్ జాతిది. పొడుగాటి మూతి, ఒంటినిండా నేలకు జీరాడే పట్టులాంటి జుట్టు. పులికాట్ ఒడ్డున మా పల్లెలో అలాంటి కుక్కను అంతకుముందు ఎవరూ చూడలేదు. పెద్దమ్మ చేపలు పోసే ఇంటివాళ్లు బదిలీ మీద ఉత్తరాదికి పోతూ, దీన్ని ఎవరికివ్వాలా అని మథనపడుతుంటే "నాకియ్యండి," అనేసిందట. వాళ్లు దువ్వెనతో పాటు షాంపూ సీసాలు కూడా ఇచ్చారు. అవి అయిపోయాక ఈమె కుంకుడు రసంలోకి దిగింది.

పెద్దమ్మకు కాలు ఒకచోట నిలిచేది కాదు. తెల్లారేసరికి ఒడ్డున ఉండేది. పడవలు రాగానే బుట్టతో బస్సెక్కేది. తిరిగొచ్చి అన్నం ముందు కూర్చుని కూడా, మధ్యలో లేచి వీధిలో ఎవరినో కేకేసేది. ఆ ఇంటికి వెళితే మనకూ కూర్చోబుద్ధి కాదు.

ఆమె కుదురుగా కూర్చున్నది ఒక్క దొరసాని జుట్టు దువ్వేటప్పుడే. ఉప్పుగాలికి పొద్దున దువ్విన జుట్టు సాయంత్రానికి చిక్కుపడేది, దానికి తోడు పల్లేరుకాయలు. అరుగు మీద కాళ్లు చాపుకుని, నీళ్లు చిలకరించి, వేళ్లతో విడదీసి, ఆ తర్వాతే దువ్వెన పెట్టేది. పెదనాన్న వలలన్నీ బాగుచేసిన వేళ్లు అవి. "చిక్కు కాడ పట్టుకుని లాగబాకమ్మే. కొసకాడ మొదలుపెట్టు. వలైనా జుట్టైనా అంతే," అనేది. చిన్నప్పుడు సెలవుల్లో నా తలా ఆ వేళ్ల కిందే ఉండేది. అమ్మ దువ్వితే ఏడ్చేదాన్ని, పెద్దమ్మ దువ్వితే నిద్రపోయేదాన్ని. అంత ఓపికగా నన్ను మరెవరూ తాకలేదు.

ఎండాకాలంలో ఎవరైనా "ఆ బొచ్చు తీయించరాదా, పాపం," అంటే ఆమెకు ఒళ్లు మండేది. "అది దాని గొడుగు. ఎండలో నిలబెట్టి గొడుగు లాక్కుంటారా?"

చెవుల సంగతి వేరు. తినేటప్పుడు చెవుల జుట్టు గిన్నెలో పడి, చేపల నీళ్లలో తడిసి చీమలు పట్టేవి. అందుకని పాత వల దారంతో రెండు చెవుల జుట్టూ నడినెత్తిన కలిపి ముడివేసేది. వల అల్లేవాళ్ల ముడి అది, లాగేకొద్దీ బిగుస్తుంది. తిన్నాక విప్పి, "పో తల్లీ, పరిగెత్తు," అనగానే దొరసాని ఒడ్డు వెంబడి దూసుకుపోయేది.

"కుక్కకి కొప్పు పెట్టినావు, పూలు కూడా పెట్టరాదా వదినా?" అని పక్కింటావిడ ఎగతాళి చేసేది.

"పెడుదును, తినేస్తాదని ఊరకుండా."

ఆ పొద్దున కూడా పెద్దమ్మ ముడివేసి, గిన్నె పెట్టి, మంచినీళ్లు తెద్దామని లోపలికి వెళ్లి అక్కడే పడిపోయింది. విప్పేవాళ్లు లేక ఆ ముడి అలాగే ఉండిపోయింది. నేను వెళ్లేసరికి దొరసాని ఇంటి నుంచి ఒడ్డుకీ, ఒడ్డు నుంచి ఇంటికీ తిరుగుతూనే ఉంది. చెయ్యి చాపితే పళ్లు చూపిస్తుంది. పెట్టింది సరిగా తినదు. ఒంటి మీద జుట్టు ఉండలు కట్టింది. నేనూ దానిలాగే ఇంట్లో ఒక మూల నుంచి ఇంకో మూలకు తిరిగాను.

పెద్దకర్మ రోజు తమ్ముడికి గుండు చేయడానికి మంగలి వచ్చాడు. పని అయ్యాక తమ్ముడు దొరసాని వైపు చూశాడు. "నలుగురం పట్టుకుంటే దానికీ గొరిగించేయొచ్చక్కా. నావల్ల గాదు అంత జుట్టు. అట్లయితేనన్నా ఇంట్లో పెట్టుకుంటా."

"గొడుగు లాక్కుంటావా?" అన్నాను. నా నోట ఆ మాట విని వాడు తల దించుకున్నాడు. "ఒక్కపూట ఆగు. సాయంత్రం బస్సు దాకా నేనున్నాగా."

అరుగు మీద పెద్దమ్మ కూర్చునే చోట కాళ్లు చాపుకుని కూర్చున్నాను. కూర్చోవడమే కష్టమైంది. లేచి ఏదో ఒక పని చేయాలని ఒళ్లంతా కొట్టుకుంది. దొరసాని వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎండ వాలాక నా కాళ్ల పక్కన నిలబడింది. నీళ్లు చిలకరించాను, గుర్రుమనలేదు. తోక కొస నుంచి మొదలుపెట్టాను. నెత్తి దాకా వచ్చేసరికి నా వేళ్లు బిగుసుకుపోయాయి. ముడిలో కొబ్బరినూనె చుక్క వేసి, దారం కొస దొరికించుకుని, కొంచెం కొంచెంగా వదులు చేశాను. ఆ ముడి పెద్దమ్మ చేత్తో చేసిన ఆఖరి పని. చెవులు జారిపడ్డాయి. దొరసాని తల విదిలించి నిలబడిపోయింది. మాట కోసం చూస్తోందని కాసేపటికి గాని నాకు తట్టలేదు.

"పో తల్లీ, పరిగెత్తు," అన్నాను. పరిగెత్తలేదు. అన్నం పెట్టిన గిన్నె దగ్గరికి నడిచి, నా వైపు తిరిగి తల వంచింది.

అదే దారంతో ముడివేశాను, జారిపోయింది. మళ్లీ వేశాను, మళ్లీ జారింది. పెద్దమ్మ ముడి నాకు రాదు.

"అక్కా, బస్సొచ్చేసింది," అని తమ్ముడు వీధిలోంచి కేకేశాడు.

రెండు చేతులతో రెండు చెవులూ పైకెత్తి పట్టుకున్నాను. దొరసాని తినడం మొదలుపెట్టింది. బస్సు హారను కొడుతూనే ఉంది. అది గిన్నె ఖాళీ చేసేదాకా నేను కదలలేదు.